కులము పేరు రక్తపరీక్ష కాగలదా?

హార్వర్డు జన్యుశాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్ 2018లో ప్రచురించిన ‘హూ వుయ్ ఆర్ అండ్ హౌ వుయ్ గాట్ హియర్’ అను గ్రంథములో మన వైశ్యులను గూర్చిన ప్రస్తావన కలదు. ఉపాధ్యాయులు చదువదగిన భాగమది. అయితే అందలి ఒక మాటను మాత్రము యథాతథముగా అంగీకరింపరాదు.

విషయమిది. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలీన్ అను మందును ఇచ్చుట కలదు. రక్తములోని బ్యూటిరిల్‌కోలీనెస్టరేజ్ అను ఎంజైము దానిని విచ్ఛిన్నము చేయుటచే కొలది నిమిషములలో రోగి తిరిగి ఊపిరి తీయగలుగును. పుట్టుకతోనే ఈ ఎంజైము లోపించినవారిలో మందు ప్రభావము గంటల తరబడి నిలుచును. అంతవరకు యంత్రముతో శ్వాస ఆడించవలెను. ఇతర వేళల వారు ఆరోగ్యవంతులే కనుక లోపము బయటపడదు.

కోయంబత్తూరు వైశ్యులలో ఈ లోపమునకు కారణమైన జన్యుమార్పును 2006లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించెను. ఎంజైము గొలుసులో 307వ స్థానమున ల్యూసీన్‌కు బదులు ప్రోలీన్ చేరుటయే ఆ మార్పు. రైక్ చెప్పిన ప్రకారము వైశ్యులలో ఈ జన్యువు ప్రతులు నూటికి 20 ఇట్టివి. తల్లిదండ్రులిద్దరి నుండియు అదియే సంక్రమించు అవకాశము 0.2 × 0.2, అనగా నూటికి నలుగురు. ప్రాచీనకాలపు కొలదిమంది మూలపురుషులలో ఒకరికున్న మార్పు, కులములోపలి వివాహములచే ఇంతగా నిలిచినదని ఆయన వివరణ. ఇంతవరకు తర్కము దృఢము. గణితము విద్యార్థులకు సైతము సుబోధము.

పిమ్మట ఆయన, వైశ్యులకు ఈ మందు ఈయరాదని భారత వైద్యులకు తెలియునని వ్రాసెను. చిక్కు ఇచ్చటనే. ఆయన లెక్క ప్రకారమే నూటికి 96 మందికి ఈ తీవ్రలోపము లేదు. మరియొక వైపు, ఇదే ఎంజైమును తగ్గించు వేరు మార్పులు ఇతర జనములలోను కలవు. కులమునుబట్టి జాగ్రత్తపడు వైద్యుడు వారిని గుర్తింపజాలడు.

కాశీబుగ్గ, టెక్కలి ప్రాంతమున ఈ చిక్కు మరింత స్పష్టము. ఇచ్చటి వర్తకులలో కళింగ కోమట్లు కలరు. ఆర్యవైశ్యులతో వారికి సంప్రదాయముగా వివాహసంబంధములు లేవు. ‘వైశ్య’ అను పేరు ఇరువురికిని చెల్లుచున్నను, జన్యువులు సంక్రమించునది పెండ్లిండ్ల ద్వారా గాని పేరు ద్వారా కాదు. కోయంబత్తూరు సంఖ్యను పలాస రోగికి అన్వయించుటకు ఆధారమేమి?

గ్రంథకర్త చెప్పవలసిన జాగ్రత్త వేరు. “మీ ఇంట ఎవరికైనను ఆపరేషను పిమ్మట ఊపిరి ఆలస్యముగా వచ్చినదా?” అని ప్రతి రోగిని అడుగవలెను; అనుమానమున్నచో రక్తములో ఎంజైమును కొలువవలెను. ఈ భాగమును తరగతిలో చెప్పు ఉపాధ్యాయులు ఈ సవరణను కూడ చేర్చి చెప్పుట మంచిది.