నిర్మాతలు విడిచిన లోకము: లారీ నివెన్ ‘రింగ్‌వరల్డ్’ – ఒక వేదాంత పరిశీలన

అమెరికా రచయిత లారీ నివెన్ వ్రాసిన ‘రింగ్‌వరల్డ్’ నవల 1970లో వెలువడి, నెబ్యులా, హ్యూగో పురస్కారములు రెండింటిని పొందినది. శాస్త్ర కల్పనా సాహసగాథకు వేదాంత పత్రికలో చోటెందుకని కొందరు ప్రశ్నింపవచ్చును. సృష్టి, సంరక్షణ, దైవసంకల్పము అను మూడు అంశములను ఈ నవల తాకుచున్నందున, దీనిని పరిశీలించుట మేలని మేము తలంచుచున్నాము.

కథ 2850వ సంవత్సరమున ఆరంభమగును. రెండు వందల ఏండ్లు నిండిన లూయీ వూ, టీలా బ్రౌన్ అను యువతి, ఇద్దరు అన్యగ్రహవాసులు కలిసి ఒక కృత్రిమ లోకమును చూడబోవుదురు. అది నక్షత్రము చుట్టును కట్టబడిన ఉంగరము. దాని వెడల్పు సుమారు 16 లక్షల కిలోమీటర్లు. లోపలి వైశాల్యము 30 లక్షల భూములకు సమానము. వారి నౌక అక్కడ కూలిపోవును. నిర్మాతల నాగరికత అప్పటికే పతనమైయున్నది. మిగిలిన జనులు నిర్మాతలను దేవతలుగా ఎంచి, ఆకాశమున కమానువలె కనబడు తమ లోకమునే పూజించుచున్నారు.

సృష్టియు సంరక్షణయు

1971లో బోస్టన్‌లో జరిగిన ప్రపంచ శాస్త్ర కల్పనా మహాసభలో ఎమ్.ఐ.టి. విద్యార్థులు ఈ ఉంగరము స్థిరముగా నిలువజాలదని నినాదములు చేసిరి. వారి మాట నిజమే. ఉంగరము కొంచెము ప్రక్కకు ఒరిగినయెడల, నక్షత్రపు ఆకర్షణ దానిని తిరిగి సరిచేయదు. మరింత ప్రక్కకు లాగును. తరువాతి నవలలో నివెన్ దానిని సరిచేయు యంత్రములను చేర్చవలసివచ్చెను. రచయిత పొరపాటు ఇక్కడ మనకు పాఠమగుచున్నది. ఒక లోకమును చేయుట ఒకటి, దానిని నిలిపియుంచుట మరియొకటి. హెబ్రీ 1:2-3, కొలొస్స 1:16-17 ఈ రెండింటిని ఒకే కర్తకు ఆపాదించుచున్నవి. చేసి విడిచిపోయిన నిర్మాతలు ఎంత గొప్పవారైనను ఆరాధనకు పాత్రులు కారు.

టీలా అదృష్టము

టీలా పూర్వికులు ఆరు తరములు సంతాన హక్కు లాటరీలో గెలిచినవారి సంతతి. ఆమె అదృష్టము కొరకే పెంచబడినది. బాధ ఎరుగనిది గనుక ఇతరుల బాధయు ఎరుగదు. ఆమె ఎదుగుదల కొరకే నౌక కూలినదేమో, తోటివారందరు కేవలము సాధనములేమో అని నవల అనుమానించును. నవలలో మిక్కిలి లోతైన భాగమిదే. మన సంఘములలో కొందరు ఆశీర్వాదమును ఈ అదృష్టమువలెనే బోధించుచున్నారు: నాకు మేలు కలిగినది గనుక దేవుడు నా పక్షమున ఉన్నాడు, పొరుగువాని నష్టము నా లెక్కలోనిది కాదు. యోబు గ్రంథము, రోమా 5:3-5 ఈ బోధను అంగీకరించవు. టీలాకు కొదువైనది శ్రమ నేర్పు ఓర్పే.

లోపములు

స్త్రీ పాత్రల చిత్రణ బలహీనమైనది; టీలా, ప్రిల్ లూయీకి తోడుగానే ఎక్కువగా కనబడుదురు. ఆరాధించు జనులను రచయిత అమాయకులుగా చూపుటతో సరిపెట్టెను. వారి ఆరాధన వెనుకనున్న ఆకలిని అడిగి తెలిసికొనలేదు.

అయినను, ‘దేవుని పిడికిలి’ అని జనులు పిలుచు పర్వతము నిజమునకు క్రిందినుండి ఉల్క చీల్చిన గాయమని తేలుట మరువరానిది. ఆ గాయపు రంధ్రమే బయటికి మార్గమగును. కాపరులు ఈ నవలను నమ్మకమునకు విరోధిగాగాక, నమ్మకమును పరీక్షించు ప్రశ్నగా చదివినయెడల ప్రయోజనము పొందుదురని మా విశ్వాసము.