పారవశ్యానికి చరిత్ర లేదా?

మిర్చా ఎలియాడే 1951లో ఫ్రెంచిలో ప్రకటించిన షామనిజం గ్రంథం నేటికీ ఈ రంగంలో అందరూ ఉదహరించేదే. షామన్ అనేది సైబీరియా ఎవెంకీల మాట. ఎలియాడే దాన్ని అమెరికా ఖండాల దాకా విస్తరించి, ఆత్మ లోకాంతరాలకు పోయే పారవశ్యమే అన్నిచోట్లా దాని సారమన్నాడు. ఆయన పోగుచేసిన సామగ్రి అపారం. అయితే అదంతా గ్రంథాలయంలో దొరికిందే. సైబీరియాలో ఆయన క్షేత్ర పరిశోధన చేయలేదు. డోలు మోత వినిపిస్తుంది గాని, ఆ జాతులు జారుకు కట్టిన బొచ్చుతోళ్ల కప్పం ఆయన సిద్ధాంతంలో లెక్కకు రాదు.

ఈ లోపాన్ని ఎత్తిచూపే అభ్యుదయవాదులం మన వైపు కూడా చూసుకోవాలి. 1920, 30 దశకాల్లో సోవియట్ అధికారులు షామన్ల ఓటుహక్కు తీసేశారు, డోళ్లు లాక్కున్నారు. మూఢనమ్మకాన్ని విమర్శించటం మన బాధ్యతే. వైద్యుడు లేని చోట రోగి షామన్‌ను ఎందుకు ఆశ్రయించాడో అడగకుండా చేసిన విమర్శ భౌతికవాదం ఎలా అవుతుంది? గిరిజన జీవితాన్ని రాయబూనిన రచయితలు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది.