పంది లెక్కలోకి రాదా?

కేశవరెడ్డి నవల ‘అతడు అడవిని జయించాడు’ను మన విమర్శకులు మనిషికీ ప్రకృతికీ జరిగిన పోరాటంగా చదివారు, హెమింగ్వే ముసలి జాలరితో పోల్చారు. పోలిక తప్పని మేము అనం. కాని అందులో కూటి సంగతి మరుగున పడింది. అడవిలో ఈనిన తల్లిపందిని వెతుక్కుంటూ చీకట్లో బయలుదేరిన ఆ పేరులేని ముసలోడికి సాహసం సరదా కాదు. ఆ ఈతే రేపటి గింజలు, రేపటి బట్ట. పొలం ఉన్నోడికి పంట ఎట్లో అతనికి పంది అట్లా.

నవలకూ ఒక పరిమితి ఉంది. కథంతా ఒక్క రాత్రి అడవిలోనే నడవడం వల్ల సంత, ధర, కులం వెనక్కి పోతాయి. ముసలోడు వీరుడుగా కనిపిస్తాడు గాని ఉత్పత్తిదారుడుగా కనిపించడు.

ఇదే చూపు ప్రభుత్వ పథకాలదీనూ. రెండున్నర ఎకరాల లోపు ఉంటే సన్నకారు రైతు అంటారు. అసలు భూమే లేకపోతే రైతే కాదు. 2019లో మొదలైన పి.ఎం. కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది, అదీ భూమి రికార్డు చూసే.

మాది పలమనేరు పక్క పల్లె. కౌండిన్య అడవి అంచున తాతకిచ్చిన డి.కె.టి. భూమి. 1990లో ఆ అడవి అభయారణ్యమైంది. ఒక యేడు ఏనుగులు మా రాగిచేను తొక్కేసినాయి. అమ్మ ఒక ఆఫీసుకు పోతే, “పట్టా ఎవరి పేరు మీదుండాది?” అన్నారు. “మా మామ పేరు మీద సార్, ఆయన పోయినాడు” అనింది. అంతటితో సరి. అసైన్డు భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. వారసుల పేరు ఎక్కించుకోవడం మాత్రం కూలి మానుకొని తిరగ్గలిగినోడికే సాధ్యం. ఆ యేడు మాకు కూడు పెట్టింది మేకలు. మా కాలేజీ ఫీజు కట్టిందీ ఒక మేకపోతే. ఏ రికార్డులోనూ అది సేద్యం కాదు.

పేద కుటుంబాల తిండినీ రాబడినీ పెంచుతామనేవాళ్ళు ముందు పట్టా అడగడం మానాలి. ఇంట్లో ఏం మేస్తున్నాయి, మేపడానికి పోరంబోకు మిగిలిందా, పశువుల డాక్టరు దళితవాడకు వస్తాడా అని అడగాలి. సాహిత్య విమర్శా ముసలోణ్ణి అట్లాగే అడగాలి: “తాతా, ఎన్ని పిల్లలు పెట్టింది?”