మూసీ వంతెన దగ్గర బండి ఆపితే

వాటర్లూ వెళ్లినవాళ్లు 226 మెట్లెక్కి సింహం దిబ్బ మీంచి 1815 నాటి యుద్ధభూమిని చూస్తారు. ఫ్రాన్సులోని నవ్ షాపెల్‌లో, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన భారతీయ సిపాయిల పేర్లు రాతి మీద చదువుకుంటూ నడుస్తారు. నల్లగొండ వైపు కేతేపల్లి మండలంలో, 1948లో భారత సైన్యానికీ నిజాం సేనకూ యుద్ధం నడిచిన దారి మీద మాత్రం కొర్లపహాడ్ టోల్‌గేటు కనిపిస్తుంది. రుసుము కట్టి వెళ్లిపోతారు.

1948 సెప్టెంబర్ 13న మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నడిపిన భారత సేన విజయవాడ వైపు నుంచి నిజాం రాజ్యంలోకి వచ్చింది. నిజాం సైన్యంలోని హైదరాబాద్ లాన్సర్ల సాయుధ కార్లు గట్టిగానే ఎదురు నిలిచాయి. అయినా పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోదాడ, మధ్యాహ్నానికి మునగాల. సూర్యాపేట మీద విమానాలు బాంబులు వేశాక, నిజాం పక్షాన పోరాడిన రజాకార్లు ఇంకా కాల్పులు జరుపుతుండగానే, భారత సేనలోని 2/5 గూర్ఖాలు ఊరిని పట్టుకున్నారు. వెనక్కి తగ్గిన నిజాం సైనికులు మూసీ వంతెనను పేల్చేశారు.

పేల్చారు గానీ, కాపలా పెట్టలేదు. మరమ్మతు చేసేవాళ్ల మీద అవతలి ఒడ్డు నుంచి తుపాకీ పేలలేదు. వంతెన త్వరగానే బాగైంది. సైనికంగా ఇంతకంటే దండగ పని ఉండదు. ఆ సంగతి పుస్తకాల్లో ఒక్క వాక్యం. ఒడ్డున కాసేపు నడిస్తే దాని బరువు తెలుస్తుంది: వానాకాలంలో, ఏరు పారే రోజుల్లో, వంతెన లేకపోతే లారీలూ ఫిరంగులూ ఈ గట్టునే ఆగిపోవాలి.

నడిచేవాళ్లు ముందుగా కొన్నిటిని కంటి ముందు నుంచి తీసేయాలి. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు అప్పుడు లేదు. నాలుగు వరుసల రోడ్డూ లేదు.

వంతెన దాటి సేన ముందుకు సాగాక, నార్కట్‌పల్లిలో రజాకార్ల దళం ఒకటి తుడిచిపెట్టుకుపోయింది. 17న నిజాం లొంగిపోయాడు. యుద్ధం అయిదు రోజుల్లో అయిపోయిందని రాస్తారు. నల్లగొండ పల్లెలకు ఆ లెక్క కుదరదు. సైన్యం ఆ తర్వాత కమ్యూనిస్టు దళాల మీదికి తిరిగింది. సాయుధ పోరాట విరమణ 1951 అక్టోబర్‌లో గానీ జరగలేదు. అందుకే రోడ్డు మీదే నడిస్తే సగం కథే దొరుకుతుంది. మిగతా సగం ఊళ్లలో ఉంది.

ఆనాడు పదేళ్ల పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. ఈసారి విజయవాడ దారిలో వెళ్తే వంతెన దాటాక ఒక ఊళ్లోకి మళ్లండి, అరుగు మీద కూర్చున్న పెద్దాయన్నో పెద్దమ్మనో అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.