"ఓంగ్ బాక్" చిత్రము – థాయి యుద్ధవిద్యలో నిలుకడ, నిబ్బరము

థాయిలాండు దేశపు ముష్టియుద్ధమగు ముయే థాయి కీర్తిని దేశదేశములకు చేర్చిన చలనచిత్రములలో 2003లో వెలువడిన "ఓంగ్ బాక్" ప్రసిద్ధమైనది. దర్శకుడు ప్రచ్యా పిన్‌క్యావ్. నాయకుడు టోనీ జా. గ్రామములోని బుద్ధవిగ్రహపు శిరస్సును దొంగలు ఖండించి కొనిపోగా, దానిని మరల తెచ్చుటకై ఒక పల్లెటూరి యువకుడు బ్యాంకాకు నగరమునకు పోవును. కథ యింతియే. తీగల సాయము లేకయే ఆ నటుడు చేసిన సాహసములు మెచ్చదగినవి. కాని ఆ విద్యకు ప్రాణమైనదానిని ఈ చిత్రమెంతవరకు పట్టుకొనగలిగినదో విచారింపవలసియున్నది.

థాయి యోధులు రెండు మాటలను తరచుగా వాడుదురు. ఒకటి "రూప్". ఇది మన రూపశబ్దమే. గోదాలో మనిషి నిలిచిన తీరు, అంగవిన్యాసము అని భావము. రెండవది "నింగ్", అనగా నిశ్చలత. దెబ్బ తగిలినను ముఖము ముడుచుకొనక, తొట్రుపడక, తొందరపడక యుండుటయే నింగ్. "జయ్ యెన్" అను మరియొక మాటయు కలదు. చల్లని హృదయమని దాని యర్థము. చల్లని మనసన్నచో మనము దయను తలతుము. వారు కోపతాపములకు లొంగని నిబ్బరమును తలతురు.

ఇవి వట్టి యలంకారములు కావు. పోటీకి ముందు యోధుడు "వాయ్ ఖ్రూ" అను గురువందనమును నెమ్మదిగా నర్తించుచు జరుపును. ఖ్రూ యనునది మన గురుశబ్దమే. అతని నిలుకడ యెట్టిదో ప్రేక్షకులకు అప్పుడే తెలియవచ్చును. 1945లో వెలసిన రాజదమ్నెన్ వంటి క్రీడాశాలలలో పోటీ మూడేసి నిమిషముల అయిదు రౌండ్లుగా సాగును. తన్ను తగిలినదా యని మాత్రమే గాక, దానివలన ఎదుటివాని నిలుకడ చెదరినదా యనియు న్యాయనిర్ణేతలు చూతురు. ముందంజలో నున్నవాడు కడపటి రౌండులో దూరము పాటించుచు వెనుకకు జరుగుటయు కలదు. తెలియనివారికి అది పిరికితనము. తెలిసినవారికి అది గెలుపును నెమ్మదిగా కాపాడుకొనుట.

ఈ దృష్టితో చూచినచో చిత్రమున రెండు ఘట్టములు నిలువదగినవి. నాయకుడు ఒంటరిగా ప్రాచీన విన్యాసములను ప్రదర్శించుట మొదటిది. పందెపు గోదాలో ప్రతియోధుని ఒక్క మోకాటిదెబ్బతో పడగొట్టి, గర్వపడక వెడలిపోవుట రెండవది. తక్కిన భాగమున దర్శకుడు ఒకే దెబ్బను పలు కోణములనుండి మరల మరల చూపును. దెబ్బను ఎన్నిమారులైనను చూపవచ్చును. నిశ్చలత నట్లు చూపరాదు. అది దెబ్బకును దెబ్బకును నడుమ నిలుచునది. దృశ్యమును ముక్కలు చేసినంతనే అది జారిపోవును.

అయినను నిశ్చలతను పొగడువారు దాని నీడను గూడ చూడవలెను. బాధను దాచుట గుణమైనచోట ప్రమాదమును దాగవచ్చును. 2018 నవంబరులో థాయిలాండున 13 ఏండ్ల బాలుడు పోటీలో తలకు దెబ్బలు తగిలి మరణించెను. ఏండ్ల సాధనచే పెద్దలకు అబ్బు స్థిమితమును బాలురనుండి కోరుట న్యాయము కాదు. దెబ్బను తెలియనట్లు నటించుట నిబ్బరము కాదు. తెలిసియు మనస్సును చేజార్చుకొనకుండుట నిబ్బరము.

ఈ చిత్రమును చూడబోవువారికి నా మనవి యొకటే. కొట్టినవాని మోచేతిని అందరును చూతురు. దెబ్బ తిన్నవాని పాదములను, కన్నులను గూడ చూడుడు. ఆ విద్య అచ్చటనే యున్నది.