ఆటకు పేరు పెట్టేదెవరు?

సహకారం మనిషి స్వభావాన్ని బట్టి ఉంటుందని మనకు పాఠాలు చెప్పారు. 2004లో వర్దా లిబర్‌మన్, స్టీవెన్ శామ్యూల్స్, లీ రాస్ ప్రచురించిన ప్రయోగం ఆ పాఠాన్ని తలకిందులు చేసింది. స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని జంటలుగా చేసి డబ్బులాట ఆడించారు. ఇద్దరూ సహకరిస్తే ఇద్దరికీ మేలు. ఒకరు సహకరించి రెండోవాళ్లు దెబ్బకొడితే, కొట్టినవాళ్లకే లాభం. నియమాలు అందరికీ ఒక్కటే. కానీ కొందరికి దాన్ని 'వాల్‌స్ట్రీట్ ఆట' అన్నారు, మరికొందరికి 'కమ్యూనిటీ ఆట' అన్నారు. మొదటి పేరు విన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందే సహకరించారు. రెండో పేరు విన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది సహకరించారు. హాస్టల్లో ఎవరికి ఎలాంటి పేరుందన్నది ఏమీ తేల్చలేకపోయింది.

దీన్ని మేము ఆహ్వానిస్తున్నాం. కలిసి పనిచెయ్యడం ఫలానా కులాల స్వభావంలోనే లేదని తీర్పులిచ్చేవాళ్లకు ఇది చెంపపెట్టు.

అయితే మా పేచీ ఒకటుంది. 'కమ్యూనిటీ' అన్న మాట అందరి చెవికీ తియ్యగానే ఉంటుందా? మన దగ్గర ఆ మాట వింటే 1993 చట్టం ప్రకారం తీసుకునే కమ్యూనిటీ సర్టిఫికెట్, అంటే కులం కాగితం, గుర్తొస్తుంది. పోనీ 'ఊరి ఆట' అందామా? ఊరు వేరు, వాడ వేరు. ఊరుమ్మడి బావిలో ఆ ఉమ్మడి ఎవరిదో మనకు తెలియందా? మాట వెనక చరిత్ర ఉంటుంది. ఈ ప్రయోగం దాన్ని డబ్బాకు అంటించే చీటీలాగానే చూసింది.

దాతృత్వం సంగతీ అంతే. 2007లో జాన్ లిస్ట్ ప్రచురించిన ప్రయోగంలో, డబ్బు చేతిలో ఉన్నవాళ్లకు 'ఎదుటివాళ్లకు ఇవ్వొచ్చు' అన్నప్పుడు ఎక్కువమంది ఎంతోకొంత ఇచ్చారు. 'కావాలంటే వాళ్ల దగ్గర ఒక డాలర్ తీసుకోవచ్చు' అని కూడా కలిపేసరికి ఇచ్చేవాళ్లు సుమారు సగానికి తగ్గారు. అంటే ఆ దానగుణం చాలావరకు ప్రశ్న వేసిన తీరులోనే ఉంది. మరి రిజర్వేషన్‌ను 'రాయితీ' అనీ, స్కాలర్‌షిప్‌ను 'సాయం' అనీ అన్నప్పుడు జరుగుతున్నదేమిటి? మనకు రావలసింది వాళ్లు ఇస్తున్నట్టు మారిపోతోంది. తీసుకున్నవాడు దాత అవుతున్నాడు, పోగొట్టుకున్నవాడు చెయ్యి చాచినవాడవుతున్నాడు.

అర్థశాస్త్రం చెప్పే మిత్రులకూ, చదివే విద్యార్థులకూ ఒక మాట. ఈ ఆటలు ఇక్కడా ఆడించండి. ఊరినీ వాడనీ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఆటకు పేరు పెట్టే పని మాత్రం ఒక్కసారైనా వాడకు వదిలి చూడండి.