పటం చేతబట్టి లండన్‌లో

పైచదువుకు పరాయి దేశం వెళ్లిన అధ్యాపకుడికి పుస్తకాల కంటే ముందు అక్కరకొచ్చే విద్య ఒకటుంది. అది ఊళ్లో దారి తెలుసుకోవడం. నత్సుమే సోసెకి లండన్‌లో గడిపిన తొలి రోజులు ఇందుకు మంచి ఉదాహరణ. ఆధునిక జపాన్ నవలకు పెద్దదిక్కుగా ఆయనకు పేరొచ్చింది తర్వాత. 1900లో ఆయన కుమామోతోలో ఇంగ్లిష్ చెప్పే 33 ఏళ్ల అధ్యాపకుడు. ఇంగ్లిష్ మీద పరిశోధన చేసి రమ్మని ప్రభుత్వమే రెండేళ్లకు పంపింది.

అక్టోబర్ 28న లండన్ చేరి, గోవర్ స్ట్రీట్‌లోని 76వ నంబరు ఇంట్లో దిగాడు. మర్నాడు వీధిలోకి వస్తే ఇసుక వేస్తే రాలనంత జనం. దక్షిణాఫ్రికా యుద్ధం నుంచి తిరిగొచ్చిన లండన్ వాలంటీర్లకు ఆ రోజే ఊరంతా స్వాగతం పలుకుతోంది. కొత్తవాడు ఆ తోపులాటలో నలిగిపోయాడు.

ఆనాటి లండన్‌లో బళ్లకు కొదవ లేదు. గుర్రాలు లాగే బస్సులుండేవి, ఆవిరి రైళ్లుండేవి, భూమి కింద విద్యుత్ రైలు కూడా నడిచేది. అయితే ఏది ఎక్కితే ఎక్కడ తేలతామో తెలియనివాడికి అవన్నీ భయమే. పైగా హై స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్ లాంటి పేర్లు పేటపేటకూ ఉండేవి. అందుకే సోసెకి కాళ్లనే నమ్ముకున్నాడు. బయల్దేరే ముందు పటం చూసుకునేవాడు. దారి తప్పితే మళ్లీ పటం విప్పేవాడు. అప్పటికీ తేలకపోతే దారినపోయేవాళ్లనో పోలీసునో అడిగేవాడు. ఒకరు చెప్పింది చాలకపోతే ఇంకొకరిని అడిగేవాడు.

ఈ పద్ధతికి సమయం ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ ఊరు మనసులో నాటుకునేది ఇలాగే. రైల్లో పోయేవాడికి రెండు స్టేషన్లు తెలుస్తాయి. నడిచేవాడికి ఆ రెంటి మధ్యనున్న మలుపులు, వంతెనలు, అంగళ్లు అన్నీ తెలుస్తాయి. ఊరు చేరిన మూడు రోజులకే, అక్టోబర్ 31న, ఆయన థేమ్స్ ఒడ్డున ఉన్న లండన్ టవర్ చూశాడు. ఆ ఒక్క సందర్శన నుంచే 1905లో ‘లండన్ టవర్’ అనే రచన పుట్టింది.

దారి తెలిసినంత మాత్రాన చదువు కుదరలేదు. నవంబర్ మొదట్లో కేంబ్రిడ్జి వెళ్లి చూస్తే, ఏటా వచ్చే 1800 యెన్ల వేతనం అక్కడి ఖర్చులకు చాలదని తేలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో డబ్ల్యు. పి. కెర్ పాఠాలు కొన్నాళ్లు విని మానేశాడు. షేక్‌స్పియర్ పండితుడు డబ్ల్యు. జె. క్రెయిగ్ ఇంటికి వెళ్లి చెప్పించుకున్నాడు. మిగిలిన డబ్బు పుస్తకాలకే పోయింది. బసలు మారుస్తూ చివరికి క్లాపమ్‌లోని 81, ద ఛేజ్‌లో స్థిరపడ్డాడు. ఒంటరితనం మాత్రం ఆయన్ను వదల్లేదు. ఏ పటమూ దాన్ని తీర్చేది కాదు. క్లాపమ్ ఇంటి గోడకు 2002లో ఆయన పేరిట నీలి ఫలకం పెట్టారు.

ఇప్పుడు ఏటా ఎందరో తెలుగు పిల్లలు లండన్‌కు చదువుకు వెళ్తున్నారు. ఫోనే దారి చూపిస్తుంది, సంతోషమే. అయినా మొదటి వారంలో ఒక్కసారి గోవర్ స్ట్రీట్ నుంచి టవర్ దాకా నడిచి చూడండి. గంట, గంటంపావు పడుతుంది, అంతే.